రాతి పళ్ళేల పక్కన ఒక పంక్తి

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టరు గారికి,



లేపాక్షి వీరభద్రస్వామి గుడి ఆవరణలో నేలరాతిలోనే తొలిచిన గుండ్రని పళ్ళేలు ఉన్నాయి. అన్నానికి ఒకచోటు, కూరలకూ పచ్చళ్ళకూ వేరే చోట్లు అన్నట్టుగా వాటిలో గుంటలుంటాయి. గుడి కట్టిన శిల్పులు వాటిలోనే భోంచేసేవాళ్ళని వచ్చినవాళ్ళకు చెబుతారు. కాదు, పైకప్పు బొమ్మలకు రంగులు కలుపుకున్న పళ్ళేలవి అనేవాళ్ళూ ఉన్నారు. ఏది నిజమో తేల్చడం నా పని కాదు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం అన్నం మాటనే. 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఇంత గుడి కట్టించారంటే అంతమంది పనివాళ్ళకు పూటపూటా ఎవరో వండి వడ్డించే ఉంటారు. ఈ లేఖ ఆ వడ్డన గురించే. మా చిలమత్తూరు మండలంలోని ఒక కూలి కుటుంబమో, చిన్న రైతు కుటుంబమో, అంగడి నడుపుకునే కుటుంబమో ఆదివారం పూట పిల్లలతో, ముసలివాళ్ళతో బయలుదేరి, దగ్గర్లోనే ఏదో ఒకటి చూసి, ఒకచోట నీడన కూచుని, తమకు నచ్చిన తిండి తమ చేతనైన ధరకు తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరగలగాలి. జిల్లా పర్యాటక ప్రణాళికలో మొదటి పద్దు ఇదే కావాలని మిమ్మల్ని కోరుతున్నాను.

మొదటి పద్దు అని ఎందుకంటున్నానో చెబుతాను. పర్యాటకుడు అన్న మాటకు ప్రపంచమంతటా అధికారిక నిర్వచనం ఒకటుంది. తన రోజువారీ పరిసరాలు దాటి వెళ్ళి, కనీసం ఒక రాత్రి బస చేసినవాడే పర్యాటకుడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడిని ఒకరోజు సందర్శకుడని వేరే గడిలో రాస్తారు. చిలమత్తూరు నుంచి పక్క మండలమైన లేపాక్షికి వచ్చిన కుటుంబమైతే, అది దాని రోజువారీ పరిసరాల్లోదే కాబట్టి, బహుశా ఏ గడిలోకీ ఎక్కదు. లెక్కలో లేనివాళ్ళ కోసం ఎవరూ బెంచీ వేయరు. 2024 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడులు, రిసార్టులు, గదుల సంఖ్య అన్నీ దాని వెంట వస్తాయి. నాకు వాటిమీద కోపం లేదు. లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది; 2024 జనవరిలో ప్రధానమంత్రి స్వయంగా వచ్చి దర్శించుకున్నారు; దూరంనుంచి జనం వస్తారు, రావాలి. అయితే వాళ్ళు వచ్చేది శని, ఆదివారాల్లో, వరుస సెలవుల్లో. ఏడాది పొడవునా ఒక హోటలు పొయ్యి ఆరిపోకుండా చూసేది చుట్టుపక్కల ఇరవై, ముప్పై కిలోమీటర్లలో ఉండే మనుషులు. పెళ్ళిచూపులకూ పుట్టినరోజుకూ మార్కెట్టుకొచ్చిన పూటా తినేది వాళ్ళే. ఊరివాళ్ళు తినని చోట వండిన తిండి ఎప్పుడు వండిందో దూరంనుంచి వచ్చినవాడికీ తెలియదు. అందుకే దగ్గరివాళ్ళకోసం కట్టిన ఏర్పాటు దూరంవాళ్ళకూ పనికొస్తుంది. దూరంవాళ్ళకోసమే కట్టింది దగ్గరివాళ్ళకు అందదు.

కుటుంబమంతా బయటికి వెళ్ళడం ఈ ప్రాంతానికి కొత్త సరదా అనుకుంటే పొరపాటు. తిరునాలలున్నాయి, పరసలున్నాయి, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలున్నాయి. కదిరి నరసింహస్వామి తేరుకు, తిమ్మమ్మ మర్రిమాను చూడ్డానికి బండ్లు కట్టుకుని పోయిన తరాలున్నాయి. ఆ ప్రయాణాలన్నిటికీ సద్దిమూట తప్పనిసరి. సద్ది ఎవరు కట్టారన్నది మాత్రం మనం అంతగా తలచుకోం. తెల్లవారుజామున లేచి చిత్రాన్నం కలిపి, చెనిక్కాయల పొడి దంచి, ఓళిగలు కాల్చి, అక్కడికి పోయాక అందరికీ వడ్డించి, ఇంటికొచ్చి గిన్నెలు తోముకున్న మనిషికి ఆ రోజు మామూలు రోజుకంటే బరువైన రోజు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. అందులోనూ ఇంటిపనిలో చెయ్యేసే మగవాళ్ళే తక్కువమంది. దాదాపు ఐదు గంటల ఆ పనికి వారంలో ఒక్క పూటయినా సెలవు దొరికే మార్గాలు పల్లెలో చాలా కొద్ది. ఇంకొకరు వండింది కూచుని తినడం వాటిలో ఒకటి. హోటలు భోజనాన్ని దుబారా అనే పెద్దలు ఈ లెక్కను ఒకసారి చూడాలని మనవి.

ఆమె ఆ హోటల్లో కూచోగలదా అన్నదే అసలు చిక్కు. మన పల్లె కూడళ్ళలోని టీ హోటళ్ళు మొదటినుంచీ మగవాళ్ళ కూడళ్ళు. పేపరు, బీడీ, రాజకీయం, బయట వేసిన బల్ల. ఆడవాళ్ళు పార్సిలు కట్టించుకుని పోతారుగానీ లోపల కూచోరు. పట్టణాల్లో ‘ఫ్యామిలీ రూము’ అని పరదా కట్టిన మూల ఒకటి పుట్టింది. అది కొంత మేలు చేసినా, మిగతా హాలంతా ఎవరిదో కూడా చెప్పకనే చెప్పింది. ఆడవాళ్ళు వచ్చే చోటుకు కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు: గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు, చేతులు కడుక్కునే కుళాయి, మంచి వెలుతురు, పొగ లేని గాలి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా నిషిద్ధం. నాలుగు బల్లల హోటలుకూ ఆ నిషేధం వర్తిస్తుంది. దాన్ని అమలు చేయడానికి కొత్త జీవో అక్కర్లేదు. ఇక రాకపోకల సంగతి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. చిలమత్తూరు నుంచి లేపాక్షి, హిందూపురం, పెనుకొండ ఎక్కడికైనా తల్లీకూతుళ్ళు చార్జీ లేకుండా పోయిరావచ్చు. ప్రయాణంలో ఖర్చనే అడ్డు తొలగిపోయింది. దిగిన చోట నాలుగు గంటలు ఉండడానికి వీలు లేకపోతే, సాయంత్రం తిరుగు బస్సు ఎప్పుడో తెలియకపోతే, ఆ ఉచితం ఆసుపత్రికీ ఆఫీసులకూ తిరగడానికే సరిపోతుంది. అంతకు మించిన ప్రయాణం ఆడవాళ్ళకు ఉండకూడదని ప్రభుత్వం అనుకుని ఉంటుందని నేననుకోను.

ధర మాట కూడా లెక్కతోనే చెప్పుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఐదుగురి కుటుంబం హైవే పక్క ఏసీ హోటల్లో మనిషికి 150 చొప్పున తిన్నా 750 అవుతుంది, అంటే దాదాపు రెండున్నర రోజుల కూలి. అదే సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, ఊరిబిండి, మజ్జిగ పెట్టే భోజనం 60 రూపాయలకు దొరికితే ఐదుగురికీ 300. నెలకోసారి ఒక రోజు కూలి పెట్టడానికి వెనకాడని కుటుంబాలు ఈ మండలంలో చాలా ఉంటాయి. అన్న క్యాంటీన్లు ఐదు రూపాయలకే అన్నం పెడుతున్నాయి. అవి ఆకలికి, పనిమీద పట్నానికొచ్చినవాడికి. నేనడిగేది దానం కాదు. డబ్బిచ్చి, మర్యాదగా, మళ్ళీ రావాలనిపించేలా తినే చోటు అడుగుతున్నాను. కేరళలో కుడుంబశ్రీ మహిళా సంఘాలు 2020 తర్వాత జనకీయ హోటళ్ళ పేరుతో 20 రూపాయల భోజనం పెట్టి వెయ్యికి పైగా చోట్ల నడిపాయి. అక్కడ రాయితీ ఇచ్చారు, ఆ రాయితీతో చిక్కులూ వచ్చాయి. కాబట్టి రాయితీ మీద నడిచే హోటలు నమూనాగా తీసుకోమని చెప్పను. వండే చెయ్యి, లెక్క రాసే చెయ్యి, గల్లాపెట్టె దగ్గర కూచునే మనిషి ఆడవాళ్ళే అయినప్పుడు తినడానికొచ్చే ఆడవాళ్ళకు సంకోచం తగ్గుతుందన్నది ఆ అనుభవం నుంచి తీసుకోవలసింది. పొదుపు సంఘాల సంగతి మన రాష్ట్రానికి ఒకరు నేర్పక్కర్లేదు. చిన్న హోటలుకు ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను రుసుము ఏడాదికి వంద రూపాయలే. కాగితం అడ్డు కాదు. రోడ్డు పక్క చోటు, నీళ్ళ కనెక్షను, మొదటి ఆరునెలలు నష్టం తట్టుకునే అప్పు, ఇవే అడ్డు.

బయటి తిండి రోగాలు తెస్తుందని డాక్టర్లు చెబుతుంటే హోటళ్ళు పెంచమంటారా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. కానీ బయటి తిండి పల్లెలోకి ఇప్పటికే వచ్చేసింది, ప్యాకెట్ రూపంలో. 2023-24 గృహ వినియోగ సర్వేలో దేశంలోని పల్లె కుటుంబాల తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా ధాన్యానిది కాదు, పాలదీ కాదు. పానీయాలు, చిరుతిళ్ళు, ప్రాసెస్ చేసిన ఆహారానిది. మొత్తం నెల ఖర్చులోనే అది పదింట ఒక వంతుకు దగ్గరగా ఉంది. పిల్లవాడు ఒంటరిగా బడి గేటు దగ్గర చింపుకుని తినే పొట్లానికీ, కుటుంబం పంక్తిలో కూచుని తినే సంగటి ముద్దకూ ‘బయటి తిండి’ అని ఒకటే పేరు పెట్టి రెండిటినీ కలిపి తిట్టడం సరికాదు. పైగా మన తిండి వైద్యులు మెచ్చే తిండే. రాగి, ఉలవ, కొర్ర, ఆకుకూర, చెనిక్కాయ. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక నగరాల్లో వీటికి ధర పెరిగింది, గౌరవమూ పెరిగింది. ఈ నేలమీద మాత్రం ఇంటికొచ్చిన చుట్టానికి సంగటి పెట్టడానికి ఇంకా మొహమాటపడే ఇళ్ళున్నాయి. శుభ్రమైన హోటల్లో, పక్క బల్ల దగ్గర కార్లలో వచ్చినవాళ్ళు అడిగి మరీ తింటుంటే, తన ఇంటి తిండి మీద పిల్లవాడికి కలిగే నమ్మకం ఏ పాఠంతోనూ రాదు. తనిఖీలు చేయాల్సిందే. మరగకాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటకూడదన్న నిబంధన 2018 జూలై నుంచే ఉంది. బజ్జీల బాణలి దగ్గర అది అమలయ్యేలా చూడడం మీ యంత్రాంగం చేతిలో పని.

ఇప్పుడు కొడికొండ. ఈ లేఖ ఈ సంవత్సరమే రాయడానికి అసలు కారణం అదే. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే 44వ జాతీయ రహదారి మీద మన రాష్ట్రంలోకి అడుగుపెట్టే చోటు ఈ మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు. లేపాక్షి, హిందూపురం, మడకశిర మీదుగా శిరా వెళ్ళే 544ఇ రహదారి అక్కడే చీలుతుంది. విజయవాడ వైపు ముప్పవరం దాకా కొత్తగా వేస్తున్న ఆరు వరసల రహదారి మొదలయ్యేదీ అక్కడే. దగ్గర్లో పాలసముద్రంలో కస్టమ్సు శిక్షణ అకాడమీ వచ్చింది, కొంచెం పైకి పోతే పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఇన్ని దారులు కలిసే చోట రేపు పెద్దపెద్ద ఫుడ్ కోర్టులు రాక మానవు. వేగంగా పోయే రోడ్డు స్వభావమే అంత. బండి ఎక్కడ ఆగాలో రోడ్డు కట్టినవాడే నిర్ణయిస్తాడు. కంచె అవతల ఉన్న హోటలు ఎంత రుచిగా వండినా ఆ బండి దానిముందు ఆగదు. పాత రోడ్డు పక్కన దాబాలు, టిఫిను సెంటర్లు బతికింది బండి ఎక్కడైనా ఆగగలగడం వల్ల. ఆ వీలు పోయాక వాటికి మిగిలేది ఊరి జనమే. ఊరి జనాన్ని అప్పటికి కస్టమర్లుగా మలుచుకోకపోతే అవి మూతపడతాయి, వాటిలో పనిచేసేవాళ్ళు బెంగళూరు హోటళ్ళలో గిన్నెలు కడగడానికి పోతారు. జాతీయ రహదారుల మీద సుమారు 40 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ప్రయాణికుల వసతి కేంద్రాలు పెట్టాలన్నది కేంద్ర ప్రభుత్వ విధానం. కొడికొండ పరిసరాల్లో అలాంటిది వచ్చినప్పుడు అందులో కొన్ని గదులు ఈ మండల మహిళా సంఘాలకూ, ఇప్పటికే ఇక్కడ హోటలు నడుపుతున్నవాళ్ళకూ కేటాయించాలని, ఊరివైపు నుంచి కాలినడకన లోపలికి రావడానికి ఒక గేటు ఉండాలని జిల్లా యంత్రాంగం ముందే రాతపూర్వకంగా అడగాలి. టెండరు ఖరారయ్యాక అడిగితే ప్రయోజనం లేదు. స్థలసేకరణలో భూమి ఇచ్చిన ఊళ్ళకు ఆ ఆవరణలో కూచుని టీ తాగే హక్కు ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు.

వీరాపురం మాట చెప్పకుండా ఈ మండలం గురించి రాయలేను. ఏటా చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీదికి వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉంటాయి. సైబీరియా పక్షులని చాలామంది అంటారుగానీ అవి మన ఉపఖండం పక్షులే. వాటికోసం ఊరివాళ్ళు టపాసులు కాల్చరు, చెట్లు కొట్టరు. చెరువులు ఎండిన ఏడు చేప దొరక్క పిల్లలు గూళ్ళలోంచి రాలి చనిపోయాయి కూడా. పిల్లలకు ఇంతకంటే మంచి ఆదివారం ఎక్కడ దొరుకుతుంది? కానీ అక్కడ జాగ్రత్త కావాలి. గూళ్ళ కింద జీపులు, మైకులు, ప్లాస్టిక్కు చేరితే పక్షులు పోతాయి, ఊరి ఓర్పూ పోతుంది. అక్కడ హోటలు పెట్టమని నేను అడగను. ఊరి బయట బండ్లు ఆపే చోటు, నడిచే దారి, తాగేనీళ్ళు, ఊరి ఇళ్ళలోనే ముందుగా చెబితే వండిపెట్టే ఏర్పాటు చాలు. వచ్చే డబ్బు చెట్లు కాపాడిన ఇళ్ళకే చేరాలి. లేపాక్షి సంగతి వేరు. అక్కడ పురావస్తు చట్టం ప్రకారం కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఆపై రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి. అది అడ్డంకి అని ఫైళ్ళు పక్కన పెట్టే బదులు, మూడు వందల మీటర్ల అవతల లేపాక్షి రాతి నందికీ గుడికీ నడిచివచ్చే దూరంలో చెట్ల నీడ ఉన్న ఒక భోజనశాల స్థలం చూడవచ్చు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం చివరికి ఉంచాను. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. చెనిక్కాయ పంట చేతికొస్తుందో రాదో కోత దాకా తెలియదు. హంద్రీ-నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చినా ప్రతి చెరువుకూ చేరలేదు. ఇలాంటి చోట మొదట నీళ్ళు, తర్వాతే షికార్లు అనేవాళ్ళ మాటలో బాధ ఉంది, నిజమూ ఉంది. అయితే కరువు ఈ కుటుంబాలను పొలంలోనే కాదు, ఇంట్లోనూ విడదీసింది. తండ్రి బెంగళూరులో, తల్లి ఊళ్ళో, పిల్లలు హాస్టల్లో ఉండి నెలకోసారి కలిసే ఇళ్ళు ఉన్నాయి. ఆ కలిసిన ఒక్కరోజు ఎక్కడ గడపాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఇంకొక సంగతి. వాన మీద ఆధారపడని రాబడి ఏదైనా ఈ నేలకు నీళ్ళతో సమానమే. రోజుకు వంద సంగటి ముద్దలు అమ్మే హోటలు నిలబడితే రాగులకూ ఉలవలకూ నాటుకోళ్ళకూ చింతపండుకూ మండలంలోనే కొనేవాడు దొరికినట్టు. తక్కువ నీటితో పండే పంటకు ఊళ్ళోనే గిరాకీ ఉంటే, బోరు మీద బోరు వేసి వరి పెట్టాలన్న ఆశ కొంతైనా తగ్గుతుంది. నీళ్ళ కోసం అడిగేవాళ్ళమూ మేమే, దీన్ని అడుగుతున్నదీ మేమే. ఒకటిస్తే రెండోది మానుకోమని మమ్మల్ని అడగకండి.

కలెక్టరు గారూ, దీనికి కమిటీ వేయమని కోరడం లేదు. రాబోయే నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా లేపాక్షి గుడి దగ్గర, నంది దగ్గర, కొడికొండ కూడలిలో, చిలమత్తూరు బస్టాండులో మీ గ్రామస్థాయి సిబ్బంది చేత ఒక లెక్క రాయించండి. కుటుంబంతో వచ్చినవాళ్ళు ఎందరు, వాళ్ళలో ఈ చుట్టుపక్కల మండలాలవాళ్ళు ఎందరు, ఆ మధ్యాహ్నం ఎక్కడ కూచుని ఏం తిన్నారు, ఆడవాళ్ళు మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్ళారు, తిరుగు బస్సుకోసం ఎంతసేపు నిలబడ్డారు. ప్రశ్నలు ఇంతే, ఒక పేజీ కూడా పట్టవు. ఆ పేజీలను వచ్చే జిల్లా పర్యాటక సమావేశం బల్ల మీద పెట్టించండి. ఆర్టీసీ, రహదారుల, పురావస్తు, మహిళా సంఘాల బాధ్యులు అదే బల్ల చుట్టూ ఉంటారు. వాళ్ళందరినీ ఒకచోట కూచోబెట్టే అధికారం ఈ జిల్లాలో ఉన్నది మీకే.

ఇట్లు,
చిలమత్తూరు మండల వాసి